పాదలేపం లేని ప్రయాణం

"చాలా కాలమైంది మాస్టారూ, ఏమీ రాయడం లేదేమిటి?" అని కొందరు అడుగుతున్నారు. కారణం కొంచెం విచిత్రమైనది. కొండల్లో పెద్ద మృగాలను వేటాడేవారు తమ దేహాన్ని ఎట్లా సిద్ధం చేసుకునేవారో తెలుసుకోవాలన్న పనిలో పడి, అరవై ఆరవ ఏట నేను గుంజీలు తీస్తూ కూర్చున్నాను. కూర్చున్నాను అనడం తప్పేమో, లేస్తూ కూడా ఉన్నాను మరి! కంగారు పడకండి. నేను ఏ మృగాన్నీ చంపలేదు, చంపబోను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉన్నది. అది లేకపోయినా, గోడమీది బల్లిని తోలడానికి సైతం నా శ్రీమతిని పిలిచే రకం నేను.

అయినా వేటకూ నాకూ పాత సంబంధమే. తెలుగు పండితుడుగా 1984 నుంచి 2017 దాకా ముప్పై మూడేళ్ళు బడిలో పనిచేశాను. ఆ ముప్పై మూడేళ్ళలో ఎన్ని అడవులు తిరిగానో, ఎన్ని వేటలాడానో! పెద్దన గారి స్వరోచితో తిరిగాను. ధూర్జటి గారి తిన్నడితో ఉడుమూరు పొలిమేర దాటాను. దశరథుడితో చీకట్లో శబ్దవేధి వేశాను, పాండురాజుతో శాపం తిన్నాను. అన్నీ నల్లబల్ల ముందు నిలబడే. సుద్దముక్క బాణం, డస్టరు డాలు. చెమట పట్టేది, కానీ అది ఫ్యాను లేని గది పుణ్యం.

ఈ సంగతంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, 1994లో నేను అచ్చంపేట ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో ఉండేవాణ్ణి. బడి పేరు వద్దు. వసతిగృహం నుంచి వచ్చే పిల్లల్లో ఒక చెంచు అబ్బాయి ఉండేవాడు. అతని పేరు కూడా రాయను; "నా పేరు రాయకుండ్రి సారూ" అని అతనే కోరాడు. చివరి బల్లమీద కూర్చునేవాడు, మాట తక్కువ. తేనె కాలం వస్తే పది పదిహేను రోజులు కనిపించేవాడు కాదు. హాజరుపట్టీలో అతని పేరు ఎదుట సున్నాలు వరుసగా ఉండేవి. నేను అతన్ని సోమరి అనే అనేవాణ్ణి. నోటితోనే కాదు, మనసులోనూ.

ఒకనాడు నేను దుష్యంతుని వేట చెబుతున్నాను. పాఠంలో లేనంత విస్తారంగా చెప్పడం నాకు అలవాటు. కొండవాలు మీద లేడి వెంట రాజు ఎట్లా దూసుకుపోయాడో చేతులూపుతూ వర్ణిస్తుంటే వెనుక నుంచి సన్నగా నవ్వు వినిపించింది. ఎవరని అడిగితే అతనే లేచి నిలబడ్డాడు. ఎందుకు నవ్వావని గద్దిస్తే, "అట్ల ఉర్కితె దుప్పి దొర్కది సార్. కొండల ఉర్కెటోడు యాటగాడు గాదు" అన్నాడు. తరగతి మొత్తం గొల్లుమన్నది. నాకు అప్పుడు ముప్పై అయిదేళ్ళు. ఉభయభాషా ప్రవీణ పట్టా, కండువా, మీసం అన్నీ ఉన్నాయి. "యాభై గుంజీలు తియ్" అన్నాను. అతను తీశాడు. ఆ వేసవి తరువాత బడికి రాలేదు. పదవ తరగతి పూర్తి కాలేదు. హాజరుపట్టీలో ఎర్రసిరాతో అడ్డగీత గీసి నేను నా పనిలో పడిపోయాను.

ముప్పై ఏళ్ళ తరువాత, 2024 వానాకాలంలో, శ్రీశైలం పోతూ మన్ననూరులో బస్సు ఆగితే చాయ తాగుతున్నాను. ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక బక్కపలుచని మనిషి వచ్చి ఎదుట నిలబడి, "సారూ, గుర్తువట్టిండ్రా?" అన్నాడు. పట్టలేదు. ఊరు చెప్పాడు, తరగతి చెప్పాడు, అయినా పట్టలేదు. "దుప్పి దొర్కది అన్న సూడుండ్రి, నేనే" అన్నాడు. చాయ గ్లాసు చేతిలో చల్లబడిపోయింది.

అటవీశాఖలో పులుల జాడ చూసే పని చేస్తున్నాడట. ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఇట్లా పనిచేసే చెంచులు చాలామంది ఉన్నారు. ఎక్కడ అడుగు పడింది, ఎప్పటిది, ఆడదా మగదా, చెట్టు బెరడుపై గోటిగీత ఎంత ఎత్తున ఉంది – ఇవన్నీ చూసి చెప్పడం, కెమెరాలు కట్టిన చెట్లను చూసి రావడం. తాతలు వేటకు ఉపయోగించిన విద్యనే మనుమలు కాపలాకు ఉపయోగిస్తున్నారు. బస్సు హారను కొడుతుండగా అతను అన్నాడు: "చైత్రపున్నానికి సలేశ్వరం రాండ్రి సారూ. లింగమయ్యను సూద్దురు. యాట అంటె ఏందో గూడ సూపిస్త, ఎవ్వర్ని సంపకుండ."

వస్తానన్నాను. బస్సెక్కి కూర్చున్నాక గాని నేను ఏమన్నానో నాకు తెలియలేదు.

సలేశ్వరం గురించి తెలియని మిత్రులకు రెండు మాటలు. నల్లమలలో, నాగర్‌కర్నూలు జిల్లాలో, రెండు కొండల నడుమ లోతైన లోయ. పైనుంచి జలధార పడే గుండం, దాని ఒడ్డున గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. ఏడాదికొకసారి, చైత్రపౌర్ణమి ముందువెనుకల కొద్దిరోజులే అడవి శాఖ దారి తెరుస్తుంది. వాహనం దిగాక కొండలమీద మైళ్ళు నడవాలి, లోయలోకి దిగాలి, మళ్ళీ అంతా ఎక్కాలి. ఏప్రిల్ ఎండ.

నాకేమో పద్నాలుగేళ్ళ చక్కెర వ్యాధి, అరిగిన ఎడమ మోకాలు, దుకాణం నుంచి ఉప్పు తేవడానికి కూడా స్కూటరు.

ఇక్కడ ప్రవరుడు గుర్తుకు రాక తప్పదు. అరుణాస్పదపురం దాటని గృహస్థు, సిద్ధుడిచ్చిన లేపం పాదాలకు పూసుకుని నేరుగా హిమాలయం మీద వాలాడు. సాధన లేదు, ఆయాసం లేదు. ఆ మందు మంచుకు కరిగిపోగానే అడుగు కదలక నిలబడిపోయాడు. పెద్దన గారు కథను వరూధిని వైపు నడిపించారు కనుక మనకు తోచదు గాని, వ్యాయామం చేయకుండా కొండెక్కినవాడి గతి అదే. నాకు దొరికిన పాదలేపమల్లా మందుల దుకాణంలో అమ్మే మోకాళ్ళ నొప్పుల లేపం. అది పూసుకుంటే హిమాలయం కాదు గదా, మా ఇంటి మేడమెట్లు కూడా దాటించదు.

వనపర్తిలో డాక్టరు గారిని కలిశాను. గుండె పరీక్షలన్నీ చేయించి, "వెళ్ళవచ్చు, అయిదు నెలలు కష్టపడితే. అయితే మీరు ఎక్కడం గురించి భయపడుతున్నారు, భయపడవలసింది దిగడం గురించి" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. వివరించారు. ఎక్కేటప్పుడు తొడకండరం కుంచించుకుంటూ బరువు లాగుతుంది. ఊపిరి ఆడదు, గుండె కొట్టుకుంటుంది, కనుక మనకు కష్టం వెంటనే తెలుస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపుతుంది. ఊపిరి హాయిగా ఉంటుంది, కష్టమే తెలియదు. లోపల మాత్రం కండరపు పోగులు సన్నసన్నగా దెబ్బతింటుంటాయి. నొప్పి మరునాడో ఎల్లుండో బయటపడుతుంది. మోకాలిచిప్ప మీద ఒత్తిడి కూడా దిగేటప్పుడే ఎక్కువ. అయితే ఒక సదుపాయం ఉన్నది: కొద్దికొద్దిగా దిగడం అలవాటు చేస్తే అదే కండరం గట్టిపడి తరువాతి దెబ్బను తట్టుకుంటుంది. అందుకు ఆయన రాసిచ్చిన మొదటి సాధన ఏమిటో ఊహించగలరా?

గుంజీలు.

చీటీ పట్టుకొని బయటికి వచ్చి ఆసుపత్రి మెట్లమీద కాసేపు కూర్చున్నాను.

మరునాడు పొద్దున కిటికీ ఊచ పట్టుకొని మొదలుపెట్టాను. ఎనిమిదవ గుంజీకి కిందనే ఉండిపోయాను. లేవడానికి తొడలు ఒప్పుకోలేదు. వంటింట్లోంచి శ్రీమతి, "ఏం పడిపోయిందండీ?" అన్నది. "నేనే" అన్నాను. యాభై అని ఆ పిల్లవాడికి ఎంత తేలికగా చెప్పానో! అంకె చెప్పడానికి నోటికి ఏ శ్రమా లేదు కదా.

దీపావళి వెళ్ళింది, కురుమూర్తి జాతర వచ్చింది. మా ఆత్మకూరు వారికి కురుమూర్తి రాయుడు అంటే ఇంటిమనిషి. స్వామి ఆభరణాలు మా ఊరి బ్యాంకులోంచే ఊరేగింపుగా వెళతాయి. పట్టువస్త్రాలు అమరచింత నేతన్నలవి, ఉద్దాలు వడ్డెమాను వారివి. ఒకప్పుడు ఆత్మకూరు రాజధానిగా ఉన్న అమరచింత సంస్థానంలో పండితులకు శాలువాలు కప్పిన సంగతి మిత్రులకు తెలిసిందే; ఆ పండితుల్లో కొండెక్కినవారు ఎందరో నాకు తెలియదు గాని పల్లకి ఎక్కినవారు ఉన్నారు. జాతర రద్దీ తగ్గాక వారానికి మూడు రోజులు ఆటోలో పోయి కొండమెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. మిగతా రోజుల్లో జూరాల ఎడమకాలువ గట్టుమీద నడక. మొదట రెండు కిలోమీటర్లు, తరువాత మూడు, నాలుగు.

మార్గశిరంలో ఒక తప్పు చేశాను. శరీరం కొంచెం మాట వింటున్నదని గర్వం వచ్చింది. ఒక్క పూటలో కురుమూర్తి మెట్లు మూడుసార్లు ఎక్కి, కుర్రకారుతో పోటీగా దబదబా దిగాను. రాత్రికి మోకాలు బూరెలాగా పొంగింది. పన్నెండు రోజులు మంచం. ఆ మంచంమీద వాగ్భటుని అష్టాంగహృదయం తీసి చదివాను. మన పూర్వులు ఈ విషయంలో ఎంత తెలివైనవారంటే, బలవంతుడు సైతం తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నారు. ఆ సగం ఎక్కడుందో కొలుచుకోవడానికి గుర్తు సుశ్రుతుడు చెప్పాడు: గుండెలో ఉండవలసిన ఊపిరి నోటిదాకా వస్తే ఆపు. ఇప్పటి డాక్టర్లు "నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి" అంటారు; రెండూ దాదాపు ఒకటే కొలత. మితిమీరినవాడి గతికి వాగ్భటుడిచ్చిన ఉపమానం ఒకటి ఉన్నది – ఏనుగును చంపి, దాన్ని ఈడ్చుకుపోబోయి తానే చచ్చే సింహం. ఆ మితిమీరకూడని పనుల జాబితాలో వ్యాయామం, జాగరణ, దారినడకలతో పాటు అతిగా మాట్లాడటం కూడా చేర్చాడు మహానుభావుడు. ఉపాధ్యాయులెవరూ గమనించినట్టు లేదు.

లేచాక బుద్ధిగా సగం కొలతకు కట్టుబడ్డాను. గుంజీలు పూర్తిగా కూర్చోకుండా సగానికే. ఒక మెట్టు మీద నిలబడి ఒక కాలు మెల్లగా, చాలా మెల్లగా కిందికి దించడం, మళ్ళీ తీసుకోవడం. ఒక్కో కాలికి పదిసార్లు. పుష్యమాసం నుంచి భుజాన సంచి. మొదట అందులో రెండు కిలోల బియ్యం, పది రోజులకొక అరకిలో పెంచుకుంటూ అయిదు దాకా. రోజూ అదే సంచితో కాలువ గట్టు వైపు పోయి అదే సంచితో తిరిగి వస్తుంటే ఊళ్ళో అనుమానం మొదలైంది. "పంతులు రేషన్ బియ్యం యాడికి మోస్తుండు?" అని డీలరునే అడిగారట. ఇంకొకాయన నేరుగా నన్నే ఆపి, "మొక్కు ఉన్నదా సార్?" అన్నాడు. ఉన్నదన్నాను. అబద్ధం కాదు.

చక్కెర ఉన్న మిత్రులు ఒక సంగతి గమనించండి. మాఘంలో ఒకనాడు ఆరో కిలోమీటరు దగ్గర చేతులు వణికి, చెమటలు పోసి, కళ్ళు తిరిగాయి. చక్కెర పెరగడం గురించే మనకు భయం. ఎక్కువ నడిచేవాడు భయపడవలసింది పడిపోవడం గురించి. జేబులో ఉన్న బెల్లంముక్క కాపాడింది. తరువాత డాక్టరు గారు ఎక్కువ నడిచే రోజులకు మాత్ర మోతాదు మార్చారు. మీరు మాత్రం మీ డాక్టరును అడగకుండా ఏదీ మార్చకండి.

ఈ నెలల్లోనే శాకుంతలం మళ్ళీ చదివాను, ఈసారి పాఠం చెప్పడానికి కాదు. రెండవ అంకంలో సేనాపతి వేటను పొగిడే ఘట్టం ఉన్నది కదా. వేటవల్ల కొవ్వు కరిగి నడుము సన్నబడుతుందనీ, దేహం తేలికై ఏ పనికైనా లేస్తుందనీ, భయంలోనూ కోపంలోనూ మృగాల మనసు ఎట్లా ఉంటుందో తెలుస్తుందనీ, కదిలే గురిని కొట్టడం విలుకాడికి గొప్ప అనీ అంటాడు. రాజు దేహాన్ని కొండల్లో తిరిగే ఏనుగుతో పోలుస్తాడు. కౌటిల్యుడు కూడా వేటను వ్యసనాల్లో చేర్చినా, జూదంతో పోల్చి తూచేటప్పుడు, కఫమూ పిత్తమూ కొవ్వూ హరిస్తుంది, కదిలేవాటిమీదా నిలిచినవాటిమీదా గురి కుదురుతుంది అని ఇవే గుణాలు చెబుతాడు. ముప్పై మూడేళ్ళు నేను ఈ పొగడ్తను ఎంతో ఉత్సాహంగా చెప్పాను. చెప్పనిది ఒకటున్నది. ఆ పొగడ్తకు ముందే సేనాపతి విదూషకుడితో చాటుగా, నీవు అడ్డుపడటం మానకు, నేను మాత్రం ప్రభువు మనసుకు తగినట్టు మాట్లాడతాను అంటాడు. అంటే వేటకు పోవడం సేనాపతికీ ఇష్టం లేదు! ఆ ఆరోగ్య ప్రశంస అంతా కొలువు మాట. వేళ కాని వేళ కాల్చిన మాంసం తిని, ఆకులు పడి చేదెక్కిన వెచ్చటి సెలయేటి నీళ్ళు తాగి, గుర్రం వెంట తిరిగి కీళ్ళు సడలిపోయాయని మొరపెట్టుకున్న విదూషకుడే నిజం చెప్పినవాడు. పాఠంలో అతన్ని చూపి నవ్వించాను, సేనాపతిని చూపి నేర్పించాను. తారుమారైంది.

2025 ఏప్రిల్‌లో బయలుదేరాను. శ్రీమతి పల్లీపట్టీలు, మాత్రలు, రెండు నీళ్ళసీసాలు సంచిలో సర్ది, బరువు చేత్తో తూచి, "అయిదు కిలోలు లేదు, అలవాటు తప్పుతుందేమో" అన్నది. ఆమె హాస్యం ఎప్పుడూ ఇంతే, ముఖంలో కనబడదు.

అతను ఫరహాబాద్ దగ్గర ఎదురుచూస్తున్నాడు. అక్కడ నిజాం కాలపు వేట బంగళా ఉండేది. నవాబుల వేట సంగతి అడిగాను. దొరలు మంచెమీద కూర్చునేవారట. ఊళ్ళవాళ్ళూ పెంటలవాళ్ళూ వరుసగా నిలబడి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, కొండ ఆ చివర నుంచి ఈ చివరకు అడవిని తోలుకొచ్చేవారు. "మా తాత తోలిండు. దొర కూసున్నడు" అన్నాడు. పులి పక్కన తుపాకీ పట్టుకొని నిలబడ్డ ఛాయాచిత్రాలు మీరూ చూసే ఉంటారు. ఆ పులి కోసం కొండ ఎక్కి దిగిన కాళ్ళు ఆ బొమ్మలో ఉండవు. సేనాపతి చెప్పిన సన్నని నడుము డప్పు కొట్టినవాడిదే అయ్యుంటుంది. దానికి కారణం వ్యాయామమో ఆకలో, అది వేరే మాట.

చెంచుల వేట అదికాదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940లో ఈ పెంటల్లో ఉండి, 1943లో చెంచుల మీద గ్రంథం ప్రచురించాడు. వారి ఆహారంలో దుంపలూ పండ్లూ తేనే ముఖ్యమనీ, వేటమాంసం దొరికిననాటి పండుగ అనీ అందులో కనిపిస్తుంది. విల్లు, బాణం, కుక్క. మంచె లేదు, డప్పు లేదు.

రాంపూర్ పెంట దాటి తెల్లవారుజామున నడక మొదలైంది. జనం ఏరులా పోతున్నారు. "వస్తున్నాం లింగమయ్యా" అన్న కేక ముందునుంచి వెనక్కి, వెనుకనుంచి ముందుకు పాకుతున్నది. నేను ఉత్సాహంగా అడుగులు వేస్తున్నాను. అతను నాకు ముందు కాకుండా వెనుక నడుస్తున్నాడు. ఎందుకని అడిగితే, "ముంగట నడిస్తె మీరు నా నడక నడుస్తరు. మీ నడక మీరు నడువుండ్రి" అన్నాడు. కొంతదూరం పోయాక, "సారూ, ఊపిరి ఇనవడుతున్నది. ఆగుండ్రి" అన్నాడు. నాకు ఆయాసం లేదనే అనుకుంటున్నాను. "మీకు గాదు, నాకు ఇనవడ్డది. నాకు ఇనవడితె దుప్పికి ఎప్పుడో ఇనవడ్డది" అన్నాడు.

అక్కడ నాకు విషయం అర్థమైంది. కొండ ఎక్కగలగడం వేటగాడి బలం కాదట. ఎక్కిన తరువాత ఆయాసపడకుండా నిలబడగలగడం బలం. రొప్పుతున్నవాడి చెయ్యి వణుకుతుంది, వణికే చెయ్యి బాణాన్ని సూటిగా పోనివ్వదు. అందుకని ఊపిరి ఎంత ఒప్పుకుంటే అంతే నడక. ఊపిరి నోటికి వచ్చేలోపే ఆగడం. సుశ్రుతుడు చెప్పిన కొలతే. ఆయన రోగం రాకుండా చెప్పాడు, వీళ్ళు పస్తు పడకుండా పాటించారు. "ఉర్కెటోడు యాటగాడు గాదు" అన్న మాటకు ముప్పై ఏళ్ళ తరువాత నాకు వ్యాఖ్యానం దొరికింది.

అతను ఇంకా చెప్పాడు. కాలు ముందు అంచు ఆనించి, కింద పుల్ల ఉందేమో తెలుసుకొని, అప్పుడు బరువు వేయాలి. కళ్ళు పాదాలమీద పెట్టకూడదు, పది అడుగుల ముందు పెట్టాలి. పాదానికి కూడా కళ్ళుంటాయి. గాలి ఎటునుంచి వస్తే అటు ముఖం. కణితి పడితే ఆ తరువాత అసలు పని. పెద్ద కణితి రెండువందల కిలోల పైన తూగుతుంది; దాన్ని పంచి, ఎవరి భాగం వారు భుజాన వేసుకొని, కొండలు ఎక్కి దిగి పెంట చేరాలి. నా అయిదు కిలోల బియ్యం తలుచుకొని ఊరుకున్నాను. "నువ్వెప్పుడైనా...?" అని సగంలో ఆపాను. "సిన్నప్పుడు తాత ఎంబడి తిరిగిన. ఇప్పుడు కాపలా" అన్నాడు. అంతకు మించి అతను చెప్పలేదు, నేను అడగలేదు.

లోయలోకి దిగే చోట బండ అంచునే దారి. ఒకపక్క కొండ గోడ, ఒకపక్క ఏమీ లేదు. దిగేవారూ ఎక్కేవారూ ఒకరినొకరు ఒరుసుకుంటూ పోవాలి. కర్ర ఆనించి, మెట్టుమీద మెల్లగా కాలు దించిన సాధనంతా అక్కడ ఖర్చుపెట్టాను. మోకాలు పలకలేదు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడొకడు తొడలు వణుకుతుంటే బండమీద కూలబడి, "ఎక్కుడే అల్కగ ఉండె" అంటున్నాడు. డాక్టరు గారు గుర్తుకు వచ్చారు. కింద గుండంలో నీళ్ళు నెత్తిమీద పడ్డప్పుడు నాకు ఏ శ్లోకమూ నోటికి రాలేదు. గుహలో లింగమయ్య ముందు చెంచు పూజారి విభూతి పెట్టి, "యాడికెల్లి వచ్చిండ్రు?" అన్నాడు. ఆత్మకూరు అన్నాను. "దూరమే" అన్నాడు.

తిరిగి ఎక్కేటప్పుడు సగం దారిలో ఒక చెట్టునీడ చూసి కూర్చోబెట్టాడు. ఎండ ఎక్కింది. బెల్లంముక్క నోట్లో వేసుకున్నాను. అయిదు నెలలుగా మనసులో కూర్చిపెట్టుకున్న వాక్యం ఒకటి ఉన్నది, వ్యాకరణ దోషం లేకుండా. అదంతా పోయి, "ఆనాడు నీచేత యాభై గుంజీలు తీయించాను" అని మాత్రం అన్నాను.

అతను నవ్వాడు. "యాభై గాదు సారూ. మీరు యాభై అన్నరు. నేను ఆపలె. నూరు దాటినంక గూడ తీస్తనే ఉన్న. మాకు గుంజీలు ఒక లెక్కనా? పోరగాండ్లు నవ్వవట్టిరి."

"తరువాత?"

"తర్వాత మీరు బెత్తం తీసిండ్రు గద."

నాకు ఆ సంగతి గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా లేదు. నా జ్ఞాపకంలో ఆ కథ యాభై గుంజీల దగ్గర ముగిసింది. ముప్పై ఏళ్ళు దాన్ని అక్కడే ముగించి, ఆ మాత్రానికే పశ్చాత్తాపపడి, ఆ పశ్చాత్తాపాన్ని సంచిలో బియ్యంలాగా కాలువగట్టున మోస్తున్నాను. అసలు బరువు ఇతని దగ్గర ఉన్నది. "అందుకేనా బడి మానేశావు?" అన్నాను. గొంతు సరిగా రాలేదు.

అతను వెంటనే జవాబు చెప్పలేదు. చేతిలోని పుల్లతో నేలమీద ఏదో గీశాడు. "అందుకే అని గాదు సారూ. నాయిన తేనెకు తాడు దిగుతుండె. తాడు పట్టెటోడు బామ్మర్ది. మామ జరమొచ్చి పండిండు. పనికి మనిషి కావాలె. అట్ల పోయిన." కొంచెం ఆగి, "మల్ల రావాలని మాత్రం అనిపియ్యలె" అన్నాడు.

కోపంగా అనలేదు. పులి అడుగు ఎప్పటిదో చెప్పేటప్పుడు ఎట్లా చెబుతాడో అట్లాగే చెప్పాడు. క్షమించమన్నాను. అతను "అయ్యో సారూ" అని లేచి, నా సంచి అందుకోబోయాడు. ఇవ్వలేదు. "మరి లేవుండ్రి. ఎండ ముదురుతది" అన్నాడు.

మిగిలిన ఎక్కుడు అంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. రెండుసార్లు "ఊపిరి" అన్నాడు, రెండుసార్లు ఆగాను. పైన అతని కూతురు మజ్జిగ సీసాతో నిలబడి ఉన్నది. ఏడవ తరగతి చదువుతున్నదట, వసతిగృహంలో ఉంటున్నది, జాతరకు వచ్చింది. "తెలుగు సారు" అని నన్ను చూపించాడు. ఆ పిల్ల నా తెల్లగడ్డం కేసి, చేతికర్ర కేసి చూసి, తండ్రి వెనక్కి జరిగింది. కర్ర కింద పెట్టి మజ్జిగ తీసుకున్నాను.

ఇంటికి వచ్చిన రెండవనాడు డాక్టరు గారు చెప్పినట్టే తొడలు పట్టేశాయి, నాలుగవనాటికి వదిలాయి. గుంజీలు మానలేదు. ఈ ఉదయం కిటికీ ఊచ పట్టుకోకుండా ముప్పై ఎనిమిది అయ్యాయి. కార్తీకంలో కురుమూర్తికి వస్తానని అతను ఫోనులో చెప్పాడు, పిల్లను కూడా తెస్తాడట. ఆ అమ్మాయికి ఏ పుస్తకం ఇవ్వాలా అని అలమారా వెతుకుతున్నాను. వేట లేనిది ఒకటి చూడాలి.